దూరం తెలిసిన గురి, దూరం తెలియని గురి: రైఫిల్, తూటా ఎంపికలో అసలు తిరకాసు

రైఫిల్ షూటింగ్‌లో కొత్తగా అడుగుపెట్టే మనిషిని మొదట తికమక పెట్టేవి అంకెలు. .222, .223, .22-250, .220 స్విఫ్ట్, .224 వాల్కిరీ. అయిదూ వేర్వేరు తూటాలు. ఒకదాని కోసం తయారైన రైఫిల్‌లో ఇంకొకటి పెట్టి కాల్చకూడదు. అయినా ఈ అయిదింటి నుంచీ దూసుకెళ్లే బుల్లెట్ వ్యాసం మాత్రం ఒక్కటే, 0.224 అంగుళం.

సలహా అడిగితే తికమక ఇంకాస్త ముదురుతుంది. చిన్న జంతువుల వేటలో తలపండినవారు వేగమే ప్రాణమంటారు. పోటీల్లో కాగితం మీద కాల్చేవారు వేగాన్ని పక్కన పెట్టి, గాలిని కోసుకుపోయే బరువైన బుల్లెట్ తీసుకోమంటారు. ఇద్దరి అనుభవమూ నిజమే. ఒకరికి లక్ష్యం ఎంత దూరంలో ఉందో ముందే తెలుసు, ఇంకొకరికి తెలియదు. ఈ ఒక్క తేడా నుంచే తూటా పరిమాణం, గొట్టంలోని మెలిక, రైఫిల్ బరువు దాకా చాలా సంగతులు పుట్టుకొస్తాయి.

ముందుగా కొన్ని మాటలు

వాడుకలో బుల్లెట్‌నూ తూటా అనే అంటాం. ఇక్కడ ఆ రెంటినీ విడదీయక తప్పదు. తూటా అంటే మొత్తం సరంజామా: ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల తుపాకి మందు, మూతిలో బిగించిన బుల్లెట్. గొట్టంలోంచి బయటికి వెళ్లేది బుల్లెట్ ఒక్కటే. దాని బరువును గ్రెయిన్లలో చెబుతారు. గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు. వేగాన్ని సెకనుకు ఇన్ని అడుగులని, దూరాన్ని గజాల్లో చెప్పడం ఈ రంగంలో ఆనవాయితీ.

గొట్టం లోపలి గోడ మీద మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. బుల్లెట్‌ను బొంగరంలా తిప్పి, ముక్కు ముందుకే ఉండేలా నిలబెట్టేవి అవే. రైఫిల్‌కు ఆ పేరు వచ్చింది కూడా ఈ గాడుల వల్లనే.

పేర్లలో దాగిన చరిత్ర

తూటాల పేర్లకు ఒక పద్ధతంటూ లేదు. .30-30లో రెండో 30 మందు బరువు. .30-06లో 06 అంటే 1906వ సంవత్సరం. 1915లో వచ్చిన .250-3000 పేరులోని 3000, సెకనుకు 3,000 అడుగుల వేగాన్ని అందుకున్నామని చెప్పుకోవడానికి తగిలించింది. అదే తూటా గుల్ల మూతిని .22 బుల్లెట్‌కు సరిపడా నొక్కితే .22-250 అయింది. ఇక్కడ 250 తల్లి తూటా ఆనవాలు. ఔత్సాహికులు 1930లలోనే ఇళ్లలో, చిన్న వర్క్‌షాపుల్లో తయారు చేసుకున్న ఈ తూటాను రెమింగ్టన్ సంస్థ 1965లో కంపెనీ సరుకుగా మార్కెట్లోకి తెచ్చింది.

6.5 క్రీడ్‌మూర్ అనే తూటాలోని బుల్లెట్‌ను కొలిస్తే 6.7 మిల్లీమీటర్లుంటుంది. 6.5 అన్నది గాడుల మధ్య గట్టు నుంచి ఎదుటి గట్టు వరకు ఉన్న కొలత. బుల్లెట్ సరిపోయేది గాడుల అడుగు కొలతకు. ఒకరు గట్టు నుంచి కొలిచి పేరు పెడితే మరొకరు గాడి నుంచి కొలిచారు. ఇంకొందరు పక్కవాళ్ల తూటాతో కలగలిసిపోకుండా ఉండటానికి అంకె కాస్త మార్చారు. కాబట్టి పేరు చూసి తూటా గుణం ఊహించడం వృథా.

ఒక జంట విషయంలో మాత్రం పేరును నిశితంగా చూడాలి. .223 రెమింగ్టన్, సైన్యం వాడే 5.56 నాటో తూటా చూపుకు కవలలు. అయితే 5.56 కోసం చేసిన గదిలో, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోట, బుల్లెట్ ముందు ఖాళీ కాస్త ఎక్కువ. ఆ ఖాళీని దృష్టిలో పెట్టుకుని నింపిన సైనిక తూటాను ఇరుకైన .223 గదిలో కాలిస్తే ఒత్తిడి హద్దు మీరవచ్చు. గొట్టం మీద చెక్కిన పేరు చూడమనేది అందుకే. రెండింటికీ పనికొచ్చేలా మధ్యేమార్గంగా చేసిన గదిని .223 వైల్డ్ అంటారు.

రెండు ఆటలు, రెండు రకాల తెలియనితనం

వార్మింట్ అమెరికా పలుకుబడి. పంటను, పచ్చికను, పశువుల మందను పాడుచేసే చిన్న జంతువులన్నిటికీ అక్కడ ఉమ్మడి పేరు అది. పశ్చిమ మైదానాల్లో బొరియలు తవ్వే ప్రెయిరీ డాగ్, తూర్పు రాష్ట్రాల పొలాల్లో గ్రౌండ్‌హాగ్, దాదాపు అన్నిచోట్లా నక్కలాంటి కొయోటీ ఈ జాబితాలోకి వస్తాయి. ప్రెయిరీ డాగ్ పేరుకే కుక్క. అది ఉడుత వంశానికి చెందిన జంతువు, తూకం సుమారు కిలో. బొరియ నోట్లో నిటారుగా నిలబడి చుట్టూ చూస్తుంది, మరుక్షణం మాయమవుతుంది. దూరం 80 గజాలు కావచ్చు, 350 కావచ్చు. పక్కన కొలబద్ద పాతి ఉండదు.

కాగితపు లక్ష్యం కదలదు, దాని దూరంలో అనుమానం లేదు. అంతర్జాతీయ పోటీల్లో 50 మీటర్ల రైఫిల్ లక్ష్యం మీద పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. 300 మీటర్ల లక్ష్యం మీద అది 100 మిల్లీమీటర్లు. అక్కడ తెలియనిది గాలి ఒక్కటే.

వేటలో ఇంకో షరతు కూడా ఉంది. బుల్లెట్ తగిలినా తగలకపోయినా నేలను తాకి ఎగిరి మరోచోటికి పోకూడదు. పలచని పైపొరతో, వేగంగా వెళ్లే వార్మింట్ బుల్లెట్ మట్టిని తాకగానే తునాతునకలవుతుంది. మెల్లగా వెళ్లే చిన్న .22 సీసపు బుల్లెట్ ముక్కలు కాకుండా నీటి మీద గులకరాయిలా ఎగిరే ప్రమాదం ఎక్కువ. పెద్ద తూటా ప్రమాదకరం, చిన్నది సాధు అనుకునేవారిని ఈ సంగతి ఆశ్చర్యపరుస్తుంది. కాగితపు పోటీల బుల్లెట్‌కు పగిలే గుణంతో పని లేదు. దానికి కావలసింది ఆకారంలో ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండటం.

ఒక అంగుళం ఎంత పెద్దది?

గురి నిలకడను కోణంలో కొలుస్తారు. డిగ్రీలో అరవయ్యో వంతును ఎంఓఏ అంటారు. 100 గజాల దగ్గర అది 1.047 అంగుళాలు, 300 గజాల దగ్గర మూడు అంగుళాల పైచిలుకు. పైన చెప్పిన 50 మీటర్ల పది వలయం కోణంలో 0.7 ఎంఓఏ, 300 మీటర్లది 1.15 ఎంఓఏ. చూపుకు పది రెట్లు పెద్దదిగా కనిపించే వలయం నిజానికి రెట్టింపు సులువు కూడా కాదు. పైగా ఆరు రెట్ల దూరంలో గాలి ప్రభావం కూడా తోడవుతుంది.

రైఫిల్ ప్రకటనల్లో తరచూ కనిపించే మాట "ఒక అంగుళం గ్రూపు". ఒకే గురితో మూడు సార్లు కాల్చి, బాగా ఎడంగా పడిన రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం కొలిస్తే వచ్చేది అది. మూడు ఎందుకు, పది ఎందుకు కాదు? పది కాలిస్తే గ్రూపు పెద్దదవుతుంది కాబట్టి. సంభావ్యత లెక్కల ప్రకారం, మూడు రంధ్రాల గ్రూపు సగటున ఒక అంగుళం ఉండే రైఫిలే పది రంధ్రాలకు సగటున దాదాపు 1.6 అంగుళాల గ్రూపు చూపిస్తుంది. రైఫిల్ మారలేదు, తూటా మారలేదు. చెదురు మూలలను పట్టుకోవడానికి ఎక్కువ అవకాశం ఇచ్చాం, అంతే. ఒక్క మూడు రంధ్రాల గ్రూపును ఫోటో తీసి జేబులో పెట్టుకు తిరిగేవారి మాటను ఈ లెక్క గుర్తుపెట్టుకుని వినాలి.

వేగమా, బరువా?

వాదన ముదిరేది ఇక్కడే. అడ్డగాలి బుల్లెట్‌ను పక్కకు నెడుతుంది. ఎంత నెడుతుంది? వేగంగా వెళ్లేది గాల్లో తక్కువసేపు ఉంటుంది కాబట్టి తక్కువ నెడుతుందని ఎవరికైనా తోస్తుంది. అది సగం నిజం. గాలి వల్ల తప్పే దూరాన్ని నిర్ణయించేది బుల్లెట్‌కు పట్టిన మొత్తం సమయం కాదు, అది వెనకబడిన సమయం. వేగం ఏమాత్రం తగ్గకుండా వెళ్లి ఉంటే పట్టే సమయానికీ నిజంగా పట్టిన సమయానికీ మధ్య తేడాను అడ్డగాలి వేగంతో హెచ్చిస్తే, పక్కకు తప్పే దూరం వస్తుంది. గంటకు పది మైళ్ల గాలి అంటే సెకనుకు 176 అంగుళాలు.

అన్నిటికంటే చిన్నదైన .22 లాంగ్ రైఫిల్‌తో మొదలుపెడదాం. ఇది 1887 నాటి తూటా, ఇప్పటికీ 50 మీటర్ల పోటీలకు ఇదే ఆధారం. పోటీల రకం తూటా సెకనుకు సుమారు 1,070 అడుగులతో బయలుదేరుతుంది. ఆ వేగం తగ్గకుంటే 100 గజాలకు 0.28 సెకను పట్టాలి. నిజంగా పట్టేది 0.30. వెనకబాటు 0.02 సెకను, తప్పే దూరం సుమారు మూడున్నర, నాలుగు అంగుళాలు. ఇప్పుడు అదే .22లో వేగం ఎక్కువున్న రకం, 1,250 అడుగులతో బయలుదేరేది తీసుకోండి. తగ్గకుంటే 0.24 సెకను. నిజంగా పట్టేది 0.27. వెనకబాటు 0.03 సెకను, తప్పేది అయిదు అంగుళాలకు పైగా. వేగంగా బయలుదేరిందే ఎక్కువ పక్కకు పోయింది!

కారణం ధ్వని. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు. ఆ గీతకు కాస్త పైన ప్రయాణించే వస్తువును గాలి విపరీతంగా అడ్డుకుంటుంది. 1,250తో బయలుదేరింది ఆ గీత దాటి కిందికి దిగేలోపు తన మిగులు వేగాన్నంతా పోగొట్టుకుంటుంది. 1,070తో బయలుదేరింది అసలు ఆ గొడవలోకే పోలేదు. పోటీల తూటాను కావాలనే ధ్వని వేగం కన్నా తక్కువ వేగంతో తయారు చేయడం వెనక ఈ మతలబు ఉంది.

ఇక పెద్ద తూటాల వంతు. దూరం 300 గజాలు, గాలి అదే పది మైళ్లు. .223 తూటాలో 55 గ్రెయిన్ల వార్మింట్ బుల్లెట్ 3,240 అడుగులతో వెళితే దాదాపు 11 అంగుళాలు తప్పుతుంది. అదే బుల్లెట్‌ను .22-250 తూటా 3,680 అడుగులతో పంపితే 9 అంగుళాలు. మందు ఎక్కువ పోసినందుకు దక్కిన లాభం రెండు అంగుళాలు. మళ్లీ చిన్న .223కే వెళ్లి, 77 గ్రెయిన్ల పొడవాటి పోటీ బుల్లెట్‌ను 2,750 అడుగులతోనే పంపుదాం. సెకనుకు 930 అడుగులు తక్కువ. తప్పేది మాత్రం 9 అంగుళాలలోపే. సన్నగా, పొడవుగా, బరువుగా ఉన్నది గాలికి వేగాన్ని తక్కువగా అప్పజెప్పుతుంది. ఈ గుణాన్ని అంకెలో చెప్పేదే బాలిస్టిక్ కోఎఫిషెంట్. అంకె ఎంత పెద్దదైతే అంత మేలు. పై 55 గ్రెయిన్ల దానికి అది 0.25 దగ్గర, 77 గ్రెయిన్ల దానికి 0.37 దగ్గర ఉంటుంది.

అలాగైతే వేగం పక్షం వాదన వీగిపోయినట్టేనా? నిలువు లెక్క కూడా చూడాలి. రెండు రైఫిళ్లనూ 200 గజాల దగ్గర గురి పెట్టిన చోటే తగిలేలా సరిచేసి, 300 గజాల దగ్గర కాలిస్తే, .22-250 బుల్లెట్ అయిదున్నర అంగుళాలు కిందికి దిగుతుంది. 77 గ్రెయిన్ల .223 తొమ్మిది అంగుళాలు. పోటీలో ఇదొక సమస్యే కాదు. స్కోపు, అంటే రైఫిల్ మీది దుర్భిణి, మీద ఉండే మరను తొమ్మిది అంగుళాలకు తగినంత తిప్పితే తీరిపోతుంది.

గడ్డి మైదానంలో అలా కుదరదు. 300 గజాలనుకుని మర తిప్పాం, నిజానికి అది 320. అంచనాలో ఈ మాత్రం పొరపాటు ఎవరికైనా సహజం. ఆ ఇరవై గజాల్లో .22-250 అదనంగా దిగేది రెండు అంగుళాలలోపు, 77 గ్రెయిన్లది దాదాపు మూడు. లక్ష్యం అయిదు అంగుళాల ఎత్తుండి, నడిమికి గురి పెట్టామనుకుంటే కిందికి రెండున్నర అంగుళాల వెసులుబాటే ఉంది. ఒకటి తగిలింది, ఒకటి తప్పింది. వార్మింట్ వేటగాళ్లు ఏళ్ల తరబడి వేగం వెంట పడటానికి మూలం ఈ చిన్న కూడికే. 1935లో వచ్చిన .220 స్విఫ్ట్ 48 గ్రెయిన్ల బుల్లెట్‌ను సెకనుకు 4,110 అడుగులతో పంపింది. 2004 నాటి .204 రూగర్ 32 గ్రెయిన్ల బుల్లెట్‌తో 4,225 అన్నది.

తర్వాత జేబులో పట్టే లేజర్ దూరమాపకాలు వచ్చాయి. మీట నొక్కితే దూరం తెరమీద కనిపిస్తుంది. దూరం తెలిశాక వేట లెక్క కూడా పోటీ లెక్కకు దగ్గరవుతుంది. దాంతో వేగం పక్షం బలం కొంత తగ్గింది. అయితే పూర్తిగా పోలేదు. దూరం కొలిచి, మర తిప్పి, మళ్లీ గురి పెట్టేలోపు ప్రెయిరీ డాగ్ బొరియలోకి దూరిపోతుందనేది వారి జవాబు. అది కొట్టిపారేయదగ్గ జవాబు కాదు.

మెలిక తప్పితే పని చెడుతుంది

బరువైన బుల్లెట్ మంచిదని తెలిశాక అందరూ చేసే పొరపాటు, పాత రైఫిల్‌లో దాన్ని పెట్టి కాల్చడం. పొడవు పెరిగేకొద్దీ బుల్లెట్ నిలబడటానికి ఎక్కువ తిరుగుడు కావాలి. గాడి ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుందో అదే గొట్టం మెలిక కొలత. గ్రీన్‌హిల్ అనే ఆంగ్ల గణితవేత్త 1879లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చేతిలెక్కకు పనికొస్తుంది: బుల్లెట్ వ్యాసం వర్గాన్ని 150తో హెచ్చించి పొడవుతో భాగించాలి. వేగం 2,800 అడుగులు దాటితే 150 బదులు 180 వాడతారు.

0.224 వర్గం 0.0502. అతి వేగంగా వెళ్లే 0.7 అంగుళం పొట్టి బుల్లెట్‌కు, 180తో లెక్కిస్తే 12.9 అంగుళాలకు ఒక చుట్టు చాలు. అంతకంటే మెల్లగా వెళ్లే ఒక అంగుళం పొడవు బుల్లెట్‌కు, 150తో లెక్కిస్తే ఏడున్నర అంగుళాలకే ఒక చుట్టు కావాలి. పాతకాలపు .22-250 రైఫిళ్లు చాలావరకు 14 అంగుళాల మెలికతో వచ్చేవి, పొట్టి బుల్లెట్లకు సరిపడేలా. వాటిలో 77 గ్రెయిన్లది పెట్టి కాలిస్తే ఏమవుతుందో కాగితం చూపిస్తుంది: గుండ్రని రంధ్రం బదులు తాళంచెవి దూరే కంతలా పొడవాటి చీలిక, దాని అంచున బుల్లెట్ పక్క ముద్ర. గాల్లోనే పల్టీలు కొట్టి అడ్డంగా తగిలిందన్నమాట.

మెలిక మరీ బిగువైనా తంటాయే. 3,680 అడుగుల వేగం, ఏడు అంగుళాల మెలిక కలిస్తే బుల్లెట్ నిమిషానికి 3 లక్షల 78 వేల చుట్లు తిరుగుతుంది. పలచని పొర ఉన్న వార్మింట్ బుల్లెట్ ఆ విసురుకు తట్టుకోలేక లక్ష్యం చేరకముందే గాల్లో బూడిదరంగు పొగచారగా విడిపోవచ్చు.

మెలిక లెక్కలోకి ఈమధ్య సీసం కూడా వచ్చింది. పగిలిన సీసపు తునకలు తిని రాబందులు, గద్దలు విషపూరితమవుతున్నాయన్న ఆందోళనతో కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసపు బుల్లెట్లను పూర్తిగా నిషేధించింది. వాటి స్థానంలో వచ్చిన రాగి బుల్లెట్ సాంద్రతలో తక్కువ. అదే బరువుకు పొడవు ఎక్కువవుతుంది, పొడవు పెరిగితే మెలిక బిగియాలి. పాత రైఫిల్ ఉన్నవారు రాగికి మారేటప్పుడు బరువు తగ్గించుకోవలసి వచ్చేది ఇందుకే.

గొట్టం నెర్రెలు

.22-250 గుల్లలో పట్టే మందు .223లో పట్టేదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. అదంతా మండి బయటపడాల్సింది మాత్రం అదే 0.224 అంగుళం కంత లోంచి. నష్టం గొట్టం మొదట్లో, గాడులు మొదలయ్యే చోట జరుగుతుంది. సన్నని కెమెరా గొట్టంలోకి దింపి చూస్తే కొత్త ఉక్కు అద్దంలా మెరుస్తుంది. కొన్ని వందలసార్లు కాల్చాక అక్కడ ఎండిన చెరువు అడుగులా నెర్రెలు కనిపిస్తాయి. మరి కొంతకాలానికి ఆ పలకల అంచులు ఊడి, గాడుల మొదలు గొట్టం మూతి వైపు జరుగుతుంది.

సాధారణంగా .223 గొట్టం నాలుగైదు వేల తూటాల దాకా మంచి గురి నిలుపుకుంటుంది. .22-250 గొట్టం వేడెక్కేలా గబగబా కాలిస్తే అందులో సగం కూడా కష్టం. .22 లాంగ్ రైఫిల్‌కు పదుల వేలు కూడా లెక్కలోకి రావు. ప్రెయిరీ డాగ్‌ల కాలనీ దగ్గర రోజంతా కూర్చున్న మనిషి 300 తూటాలు కాల్చడం వింత కాదు. ఏడాదికి అలాంటి రోజులు అయిదు ఉంటే 1,500. .22-250 గొట్టానికి ఇది ఒకటి రెండేళ్ల ఆయుష్షు, .223కి మూడేళ్లు. ఏడాదికి పది సార్లు కొయోటీ కోసం వెళ్లి రోజుకు రెండు తూటాలు కాల్చే మనిషికి ఈ లెక్కతోనే పని లేదు. అతని .22-250 మనవల దాకా పనిచేస్తుంది.

వెనక్కి తన్నే బలం సంగతి కూడా ఇక్కడే చూడాలి. పది పౌండ్ల రైఫిల్‌లో ఇంకా పెద్దదైన .308 తూటా తన్ను శక్తి .223 తన్నుకు సుమారు అయిదు రెట్లు. భుజం నొప్పి ఒక్కటే కాదు సమస్య. తన్ను చిన్నదైతే స్కోపులోంచి చూపు చెదరదు, బుల్లెట్ ఎక్కడ పడిందో కంటితో చూసి రెండో గురి సరిచేసుకోవచ్చు.

రైఫిల్ విషయం

తూటా మీద ఇన్ని వాదాలున్నా రైఫిల్ దగ్గర రెండు పక్షాలూ చాలావరకు ఏకీభవిస్తాయి. బోల్టు చేత్తో లాగే రకం, బరువైన గొట్టం, కింది చెక్క (స్టాకు) ఎక్కడా గొట్టానికి తగలకుండా మధ్యలో సందు, తేలిగ్గా ఒకే తీరున విడిపోయే ట్రిగ్గర్. గొట్టం లావెందుకు? కడ్డీ బిగువు దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 0.65 అంగుళం గొట్టం కన్నా 0.85 అంగుళం గొట్టం దాదాపు మూడు రెట్లు బిగువు. అది కాల్చినప్పుడు తక్కువ కంపిస్తుంది, మెల్లగా వేడెక్కుతుంది. భుజాన వేసుకుని కొండలెక్కే మనిషికి అదే శాపం. పోటీదారు కారు దగ్గరి నుంచి బల్ల దాకా మోస్తే చాలు.

పోటీ నియమాలు కొన్నిసార్లు ఎంపికను మనకు వదలవు. దూరపు లక్ష్యాల మీద రైఫిల్‌ను ఆనించి కాల్చే ఎఫ్-క్లాస్ పోటీల్లో, ఎఫ్-టీఆర్ విభాగంలో .223, .308 తప్ప మరొకటి చెల్లదు. రైఫిల్ బరువు, ముందు ఆనించే రెండు కాళ్ల బైపాడ్‌తో కలిపి, 8.25 కిలోలు దాటకూడదు. బల్ల మీద ఆనించి అతి చిన్న గ్రూపు కోసం పోటీపడే బెంచ్‌రెస్ట్‌లో ఏ తూటా అయినా వాడొచ్చు. అయినా 1950లో వచ్చిన .222 రెమింగ్టన్ చాలాకాలం ఏలితే, 1970లలో పాల్మిసానో, పిండెల్ అనే ఇద్దరు రూపొందించిన 6 మిల్లీమీటర్ల పీపీసీ దాన్ని పక్కకు నెట్టింది. గుల్ల పొట్టిగా, లావుగా ఉంటే మందు ఒకే తీరున మండుతుందని చాలామంది నమ్మకం. ఆ తూటా వల్లనా, దాని కోసం తయారైన మేలైన గుల్లలు, గొట్టాల వల్లనా అన్నదానిపై వాదన ఇంకా తెగలేదు.

జంతువుల వైపు నుంచి

వార్మింట్ వేట మీద అమెరికాలోనే ఏకాభిప్రాయం లేదు. పచ్చిక తగ్గిపోతోందని, బొరియలు పశువులకు ప్రమాదమని గడ్డిభూముల యజమానుల ఫిర్యాదు. ప్రెయిరీ డాగ్ లేకపోతే దాన్ని తిని, దాని బొరియల్లోనే బతికే నల్లకాళ్ల ఫెర్రెట్ లేదని పరిరక్షకుల మాట. అంతరించిందనుకున్న ఆ ఫెర్రెట్ 1981లో వ్యోమింగ్‌లో మళ్లీ కనబడింది. నియమాలు రాష్ట్రాన్ని బట్టి, జాతిని బట్టి, రుతువును బట్టి మారుతాయి. కాబట్టి తూటా కన్నా ముందు చూసుకోవలసిన కాగితం ఒకటుంది.

ఒకే రైఫిల్‌తో రెండూ కుదురుతాయా?

చాలామంది అసలు ప్రశ్న ఇదే. సగం వారాలు కాగితం మీద, సగం పొలంలో, దూరం 300 గజాలు దాటదు అనుకుందాం. ఎనిమిది అంగుళాల మెలిక ఉన్న .223 ఈ షరతులకు సరిపోతుంది. 55 గ్రెయిన్లదీ నిలుస్తుంది, 77 గ్రెయిన్లదీ నిలుస్తుంది. 3,240 అడుగుల దగ్గర పలచని బుల్లెట్ చుట్లు నిమిషానికి 2 లక్షల 90 వేలే కాబట్టి అది గాల్లో విడిపోయే భయం తక్కువ. గొట్టం త్వరగా అరగదు. నష్టం రెండు చోట్ల: 300 గజాల దగ్గర .22-250 కన్నా కాస్త ఎక్కువ దిగుతుంది, 600 గజాలు దాటాక 6.5 క్రీడ్‌మూర్ ముందు గాలికి తేలిపోతుంది. క్రీడ్‌మూర్ 140 గ్రెయిన్ల పోటీ బుల్లెట్లలో మేలైన వాటి కోఎఫిషెంట్ 0.6 దాటుతుంది. కానీ ఆ దూరం ఎప్పుడో ఏడాదికొకసారి కాల్చే మనిషి, మిగతా ఏడాదంతా దాని బరువైన తన్నును భరించాలి.

ఒకే రైఫిల్‌లో రెండు బుల్లెట్లు వాడేవారికి ఒక చిన్న చిరాకు మిగులుతుంది. 55 గ్రెయిన్లదానితో స్కోపు సరిచేసి 77 గ్రెయిన్లది పెడితే 100 గజాల దగ్గరే రంధ్రం వేరే చోట పడుతుంది. కిందికి పడటం అర్థమవుతుంది. ఒక్కోసారి పక్కకు కూడా జరుగుతుంది, ఎందుకంటే గొట్టం కంపించే తీరు ఒక్కో తూటాకు ఒక్కోలా ఉంటుంది. ఎంత జరుగుతుందో ఏ పట్టికలోనూ దొరకదు. ఆ రైఫిల్‌తోనే, ఒక పెద్ద కాగితం మీద రెండు రకాలూ అయిదేసి కాల్చి, రెండు గ్రూపుల నడుమ దూరం కొలిచి, ఆ అంకెను స్టాకు మీద టేపు ముక్క అంటించి రాసుకుంటారు.